కత్తిరించగా మిగిలింది

కుమాసీలో ఎప్పుడు పోయినా
సాగనంపేది శనివారమే.
అందుకని గురువారం రాత్రి నాకు నిద్ర ఉండదు.

అమంక్వా అనే ఆయన ఫోనులో ఫొటో తెచ్చాడు.
"మా అమ్మ ఆఫ్రకోమా. డెబ్బైనాలుగేళ్లు.
నవ్వుతున్నది ఇదొక్కటే ఉంది."
ఎవరిదో పెళ్లి. ప్లాస్టిక్ కుర్చీలు,
సగం తాగిన మాల్ట్ సీసా,
తల ఫొటోలో పడని ఒక సూటు,
ఆమె కుడి భుజమ్మీద ఒక చెయ్యి.
"ఆ చెయ్యి తీసెయ్" అన్నాడు.
ఎవరిదని అడగలేదు.
మా పనిలో ఎవరు అనేది ఉండదు,
అంచు ఎక్కడ అనేదే.

నాలుగు వందల శాతం పెద్దది చేసి
చెవి కింద మొదటి చుక్క పెట్టాను.
చుక్క, వంపు, చుక్క.
మెడ మీది మూడు ముడతలు దాటి
పూసలదండ దగ్గర కాస్త ఆగి.
తలగుడ్డ సులువే. దాని కిందనుంచి తప్పించుకొచ్చిన
నాలుగు తెల్ల వెంట్రుకలతోనే తంటా.
వెంట్రుకవాసి అంటారే,
ఆ వాసి ఎంతో నాకు తెలుసు: రెండు పిక్సెళ్లు.
ఎక్కువ కోస్తే బోడితల,
తక్కువ కోస్తే పెళ్లి షామియానా ఆకుపచ్చ
జుట్టుకి అంటుకునే ఉంటుంది.

మధ్యలో కరెంటు పోయింది.
జనరేటర్ తాడు లాగి మళ్లీ కూర్చున్నాను.
గడ్డం దాకా మిగిలింది.

ఇక చెయ్యి.
ఎడమ భుజమ్మీది గుడ్డకి నకలు తీసి కుడివైపు అతికాను.
కెంటె చారలు పొసగలేదు.
తిప్పి, వంచి, మసక చేసి పొసిగించాను.
చిటికెనవేలు పోయింది. ఉంగరపు వేలు పోయింది.
చివరికి బొటనవేలు, దానిమీద
నెలవంకంత పాత కత్తిగాటు మచ్చ.
అదీ పోయింది.
ఆ చేతి బరువుకి గుడ్డ అక్కడ కొంచెం కుంగి ఉంది.
చూశాను. వదిలేశాను. తెల్లవారుతోంది.

ఆమె వెనకాల ఇప్పుడు తెలుపూ బూడిదా గళ్లు.
ఏమీ లేకపోవడాన్ని మా సాఫ్ట్‌వేర్ అలా చూపిస్తుంది.
గళ్ల మీద మబ్బులు పరిచాను, రెండు పావురాలు వదిలాను,
పన్నెండడుగుల బానర్ మధ్యాహ్నానికి కూడలిలో కట్టారు.

సాయంత్రం ఒక ముసలామె వచ్చి
కౌంటర్ మీద చెయ్యి పెట్టింది.
మొహం ఎన్నడూ చూడలేదు.
బొటనవేలు మాత్రం రాత్రంతా చూశాను.

"పోకువాని. దాని చెల్లెల్ని.
కెజేతియా బజార్లో ఒక కొట్టు గురించి
పంతొమ్మిదేళ్లు మాటల్లేవు."
బానర్ చూసి వచ్చిందట.
"బాగా కోశావు" అంది.
కాసేపటికి, "మిగిలింది ఏం చేశావు?"

ఇన్నేళ్లలో ఎవరూ అడగని మాట.
నేను ఏదీ పారేయను, లేయర్ ఆర్పేస్తానంతే.
కన్ను గుర్తు నొక్కాను.
పెళ్లి తిరిగొచ్చింది. కుర్చీలు, సీసా, సూటు,
నడుమ ఆడమనిషి ఆకారంలో గళ్లు,
గళ్ల మీద, భుజమెత్తున, ఒక చెయ్యి.
చెయ్యి వెంట మోచేయి, మోచేతి వెంట
అప్పటి పోకువా, పక్కకి తిరిగి
దేనికో పగలబడి నవ్వుతూ.

"అక్కని మళ్లీ పెట్టివ్వనా? నిమిషం పని."
"వద్దు. దాన్ని వాళ్లకిచ్చావుగా.
ఇది నాకియ్యి."

ప్రింటరుకి గళ్లు తెలియవు, ఉత్త తెలుపు వదిలింది.
సిరా ఆరకముందే ఆమె
ఆ చేతిమీద తన చెయ్యి ఆనించి చూసుకుంది.
బొమ్మలో చెయ్యి చిన్నది, అగ్గిపెట్టెంత.
అయినా చాలాసేపు వేలికి వేలు సరిచూసింది.

లామినేషన్ వద్దంది.
పన్నెండు సెడీలన్నాను. తొమ్మిది ఇచ్చి,
లెక్క తేలినట్టే వెళ్లిపోయింది.
వెనక్కి పిలవలేదు.